వచ్చే ఏడాది జట్టులో లేని పేరు

కొత్తగా ఉద్యోగంలో చేరిన ఫిజికల్ డైరెక్టర్లు ముగ్గురు ఈమధ్య మా ఇంటికి వచ్చి, "మేడం, మీరు జట్టుని ఎలా ఎంపిక చేసేవారు?" అని అడిగారు. టీ ఇచ్చి, అదీ ఇదీ మాట్లాడి పంపించేశాను. ఎంపిక అంటే నాదే అని ముప్పై ఏళ్లు నేనే ఊరంతా చాటుకున్నదాన్ని. కాబట్టి వాళ్లు అడగడంలో తప్పులేదు. కానీ నేను చెప్పాల్సింది ఎలా ఎంపిక చేయకూడదో అన్నది. ఎదురుగా కూర్చుని అది చెప్పడానికి మొహం చెల్లలేదు. అందుకే రాస్తున్నాను. పేర్లు మాత్రం రాయను. ఇందులో తప్పు చేసింది నేనొక్కదాన్నే, మిగతావాళ్లని బజారుకెక్కించడం దేనికి?

శ్రీకాకుళంలో ఒక డిగ్రీ కాలేజీలో ఆడపిల్లలకి కబడ్డీ నేర్పేదాన్ని. మార్చి నెల వచ్చేసరికి ఆటలన్నీ అయిపోయి, పిల్లలు పరీక్షల పుస్తకాల్లో తలలు దూర్చేవారు. మూడో సంవత్సరం పిల్లలు వెళ్లిపోతారు. ఇంటర్ అయిన పిల్లలు కొందరు వస్తారు. ఎవరు పోతే ఆ చోటికి ఎవరు వస్తారో లెక్కవేసి, వచ్చే ఏడాది జట్టు ఇలా ఉండవచ్చని పన్నెండు పేర్లు రాసి గేమ్స్ రూమ్ తలుపుకి అంటించేదాన్ని. ఏడుగురు ఆడేవాళ్లు, అయిదుగురు అదనం. సరిగ్గా ఉగాది ముందు జరిగే తంతు కాబట్టి మా ఎకనామిక్స్ మేడం దానికి పంచాంగ శ్రవణం అని పేరు పెట్టింది. స్టాఫ్ రూమ్‌లో నన్ను చూడగానే, "ఈ ఏడు ఎవరికి రాజపూజ్యం, ఎవరికి అవమానం?" అనేది. నేనూ నవ్వేదాన్ని. అవమానం ఎవరికో ఒకరికి ఉండేదే కదా అనుకునేదాన్ని.

నా పంచాంగానికి ఆధారం ఒక స్కోరు పుస్తకం. మా నాన్న మిషన్ స్కూల్లో డ్రిల్లు మాస్టారు. ఎవరు ఎంత దూరం దూకారో, ఎవరు ఎంతసేపట్లో పరిగెత్తారో అన్నీ రాసి పెట్టుకునేవాడు. ఆ జబ్బు నాకూ అంటింది. ప్రతి పిల్లకీ ఒక పేజీ. రైడ్‌కి వెళ్లి తెచ్చిన పాయింట్లు ఒక వరుస, ఎదుటి రైడర్ని పట్టుకుని తెచ్చిన పాయింట్లు ఒక వరుస. "నాకు మనుషుల మీద అభిమానం లేదు, ద్వేషమూ లేదు. పుస్తకం ఏం చెబితే అది" అని పిల్లల ముందు గొప్పగా అనేదాన్ని. ఇప్పుడు తలుచుకుంటే నా నోరు నేనే మూయించాలనిపిస్తుంది.

నేను చెప్పేది పదేళ్ల కిందటి మాట. అప్పుడు జట్టులో ఇద్దరు రెండో సంవత్సరం పిల్లలు ఉండేవారు. ఒకతిది నెల్లిమర్ల. తండ్రి జూట్ మిల్లులో పనిచేసేవాడు. పొడుగు మనిషి, లెఫ్ట్ కార్నర్‌లో నిలబడేది. రైడర్ కాలు దాని చేతికి అందిందంటే ఇక వదలడం ఉండేది కాదు. పుస్తకంలో దాని పేజీ నిండిపోయి పక్కన కాగితం అతికించాల్సి వచ్చింది. రెండో పిల్లది భోగాపురం అవతల సముద్రం వైపు పల్లె. పొట్టిగా ఉండేది, అడిగితే తప్ప మాట్లాడేది కాదు. కార్నర్ పిల్ల పక్కనే, దాని చెయ్యి పట్టుకుని నిలబడేది. ఆ చోటుని ఇన్ అంటారు. కబడ్డీలో పట్టేవాళ్లు అలా ఇద్దరిద్దరు చేతులు కలుపుకుని గొలుసులా కదులుతారు. భోగాపురం పిల్ల పేజీలో రైడ్ సున్నా, పట్టు సున్నా. రెండేళ్లకి కలిపి సున్నా. వేరే పిల్లలు లేక ఆడించాను గానీ, నా దృష్టిలో ఆమె ఖాళీ పూరించిన మనిషి, అంతే.

ఆ మార్చిలో ఇంటర్ నుంచి రాష్ట్రస్థాయిలో ఆడిన పిల్లలు నలుగురు మా కాలేజీలో చేరతామన్నారు. నేను ఆనందంతో పుస్తకం ముందేసుకుని కూర్చున్నాను. కొత్తవాళ్లకి చోటు కావాలంటే ఎవరో ఒకరు పోవాలి. సున్నా ఎదురుగా కనిపిస్తోంది. భోగాపురం పిల్లని ఏడుగురిలోంచే కాదు, పన్నెండు మందిలోంచి కూడా తీసేశాను. ఆమెని పిలిచి ఒక్క మాట చెప్పలేదు. తలుపు మీద చూసుకుంటుందిలే అనుకున్నాను.

మా ఊళ్లో ఒక పేపరుకి వార్తలు రాసే పెద్దమనిషికి ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర జిరాక్స్ షాపు ఉండేది. ఏటా నా జాబితా జిరాక్స్‌కి వెళ్లినప్పుడు తనకో కాపీ ఉంచుకుని ఉత్తరాంధ్ర పేజీలో వేసేవాడు. నేను పైన "ఉండవచ్చు" అని రాసేదాన్ని. ఆయన "వచ్చే ఏడాది జట్టు ఇదే!" అని వేసేవాడు. ఆశ్చర్యార్థకం ఆయన సొంతం. పిల్లలు ఆ ముక్క కత్తిరించి దాచుకునేవారు, ఇంట్లో చూపించుకునేవారు. అందుకే నేను కూడా ఏనాడూ ఆయన్ని వద్దనలేదు. నా పేరు కూడా చివర్లో ఉండేది, అదీ నిజమే.

జూలైలో ప్రాక్టీసు మొదలైంది. ఇన్‌లో కొత్త పిల్లని నిలబెట్టాను. మంచి పిల్ల, చురుకు, ఇంటర్లో బోలెడు పతకాలు. కానీ నా కార్నర్ మాత్రం పాడైపోయింది. నెల్లిమర్ల పిల్ల రైడర్ రాకముందే దూకేది. లేకపోతే వెళ్లిపోయాక దూకేది. మొదటిరోజు ఊరుకున్నాను. రెండోరోజు కసిరాను. నాలుగోరోజు అందరి ముందూ నోరు చేసుకున్నాను.

"ఏమైందే నీకు? సెలవుల్లో మామిడిపళ్లు తిని కాళ్లు బరువెక్కాయా?"

నెల్లిమర్ల పిల్ల ఏడుపు మొహంతో నిలబడి, "కాల్లు కాదు మేడం, సెయ్యి" అంది.

"చేతికేమైంది? చూపించు."

"నా సేతికేటీ అవలేదు మేడం. పక్క సెయ్యి మారిపోనాది."

నాకు అర్థం కాలేదు. పక్కకి తీసుకెళ్లి కూర్చోబెట్టి, నీళ్లు తాగించి అడిగాను. అప్పుడు చెప్పింది.

"కార్నర్లో ఉన్నోల్లకి రైడర్ కాలే కనపడతాది మేడం. కాలు సూస్తే మొకం సూడలేం కదా. మొకం అది సూసీది. నా సెయ్యి ఒకమారు నొక్కితే ఆగమని. రెండుమార్లు నొక్కితే దూకమని. రెండేల్లూ నాను దాని సెయ్యి ఎలా సెప్తే అలా దూకినాను. నా సొంత బుర్రతో ఒక్క పట్టూ పట్టలేదు."

"ఇది నాకెందుకు చెప్పలేదే?"

ఆ పిల్ల నా వైపు వింతగా చూసింది. "మీకు తెలుసనుకున్నాం మేడం. మీరు పీడీ కదా."

దానిలో వెటకారం లేదు. ఉంటే బాగుండును, తిట్టి సరిపెట్టుకునేదాన్ని. భోగాపురం పిల్ల ఏదీ, మూడో ఏడు క్లాసుల్లో కనిపించడం లేదేమని అడిగాను.

"అది ఇంక రాదు మేడం. రొయ్యల కంపెనీలో సేరిపోనాది. లిస్టులో పేరు లేదు కదా, హాస్టల్లో కూకుని ఏటి సేస్తానన్నాది. వాల్లింట్లో ఆట ఉన్నాదనే పంపుతన్నారు. దానికి బీపీఈడీ సదివి మీలాగ అవ్వాలని ఉండీది."

డిగ్రీ పూర్తి కాకపోతే బీపీఈడీ లేదు. ఒక్క ఏడాది మిగిలి ఉండగా ఆ పిల్ల చదువు ఆగిపోవడానికి కారణం నేను తలుపుకి అంటించిన కాగితం.

మొదట తేలిక దారి వెతికాను. జిరాక్స్ షాపుకి వెళ్లి, "జట్టు జాబితాలో ఒక పేరు పొరపాటున పోయింది, సవరణ వెయ్యండి" అని అడిగాను. ఆయన మిషన్ ఆపకుండానే నవ్వాడు. "భలేవారు మేడం! రేపు వాన వస్తాదని రాసి, రాకపోతే సవరణ ఏస్తామా? అప్పుడెప్పుడో మార్చిలో ఏసినది. ఇప్పుడు ఎవురికి గుర్తున్నాది?"

గుర్తున్నది ఎవరికో ఆదివారం తెలిసింది.

ఆ ఆదివారం చర్చి మానుకుని బస్సెక్కాను. భోగాపురంలో దిగి ఆటో మాట్లాడుకున్నాను. విమానాశ్రయం కోసం పొలాల్లో సర్వే రాళ్లు పాతుతున్న రోజులవి. ఆటో అతను దారి పొడుగునా ఎవరి పొలం పోతుందో, ఎవరిది మిగులుతుందో చెబుతూనే ఉన్నాడు. నేను వినలేదు. ఏమని మొదలుపెట్టాలా అని ఆలోచిస్తున్నాను. అప్పటిదాకా నా ఉద్యోగంలో ఏ పిల్లకీ నేను తప్పు నాదని చెప్పి ఎరగను. చెబితే రేపు ఎవరు మాట వింటారని నా భయం.

జీడితోట పక్కన రెండు గదుల ఇల్లు. తండ్రి సరుగుడు కలప లారీతో వెళ్లాడట. పిల్ల పనినుంచి ఇంకా రాలేదు. తల్లి నన్ను చూసి కంగారుపడి, కుర్చీ తెచ్చి కొంగుతో తుడిచింది. నేనెవరో చెప్పగానే ఆమె మొహం మారిపోయింది. కోపం కాదు. మర్యాద ఎక్కువైపోయింది, అంతే.

"కూకోండి మేడంగోరూ. మజ్జిగ తెస్తాను."

మజ్జిగ తాగాక నేను నోరు తెరిచేలోపే ఆమే మొదలుపెట్టింది.

"ఆ పేపరు నాను కొన్నాను మేడంగోరూ. నాకు సదువు రాదు. రోడ్డు మీద టీ కొట్టతని సేత సదివించినాను. పన్నెండు పేర్లూ సదివినాడు. మా గుంట పేరు రాలేదు. ఓలమ్మ, సరిగ్గా సూడు బాబూ అన్నాను. మల్లా సదివినాడు. ఈడు తప్పు సదువుతన్నాడేమోనని పక్కన ఇంకో మనిషి సేత సదివించినాను. ఆడూ అదే సెప్పినాడు." ఖాళీ గ్లాసు నా చేతిలోంచి తీసుకుంది. "మా ఆయన ఏటన్నాడంటే, సూసినావా, నీ కూతురు ఆడతాది ఆడతాదని ఊరంతా సెప్పుకున్నావు, ఆలకి అక్కర్లేదు అన్నాడు. నానేటి సెప్పగల్ను మరి?"

ఏం చెప్పగలదు? అంతలో పిల్ల వచ్చింది. నన్ను చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. పొద్దుటినుంచి ఐసులో రొయ్యల తలలు తీసి తీసి వేళ్లు తెల్లగా ఉబ్బిపోయి, కొనల దగ్గర చిట్లి ఉన్నాయి. ఆ చేతులు చూశాక నేను దారిలో తయారుచేసుకున్న మాటలన్నీ పోయాయి.

"తప్పు నాదమ్మా" అన్నాను. "నువ్వేం చేస్తున్నావో రెండేళ్లు చూసి కూడా నాకు తెలియలేదు. తెలియకుండానే నీ పేరు తీసేశాను. వెనక్కి రా."

ఆ పిల్ల తల ఎత్తలేదు. "నాను లేకపోతే పట్లు రాడం లేదని వచ్చారా మేడం?"

అవునన్నాను. అబద్ధం చెప్పడానికి ఆ ఇంట్లో నాకు నోరు రాలేదు. "జట్టు కోసమే బయల్దేరాను. కానీ ఇప్పుడు చెబుతున్నాను విను. నువ్వు ఆడనంటే ఆడొద్దు. చదువు మాత్రం పూర్తిచెయ్యి. హాస్టల్ సీటు నేను చూసుకుంటాను."

ఆ పిల్ల తన తల్లి వైపు చూసి, నాతో అంది: "నాను వస్తాను మేడం. ఆడతాను కూడా. కానీ మా అమ్మకి మీరే సెప్పండి, నాను ఆటలో ఏటి సేస్తానో. పేపర్లో ఎప్పుడూ కార్నర్ పిల్ల పేరే వస్తాది, నువ్వేటి సేస్తావే అని అడుగుతాది. నాకు సెప్పడం రాదు."

చెప్పాను. అరుగు మీద సుద్దతో గీతలు గీసి, రైడర్ ఇటు వస్తుందమ్మా, ఆ పొడుగు పిల్ల ఇక్కడ, మీ పిల్ల ఇక్కడ, చెయ్యి నొక్కుతుంది, అప్పుడు అది దూకుతుంది అని చెప్పాను. తల్లి శ్రద్ధగా విని, "అయితే పట్టుకునీది ఆ పొడుగు పిల్లే కదా?" అంది.

పిల్ల ఫక్కున నవ్వింది. ఆ ఇంట్లో ఆ పూట మొదటి నవ్వు అదే. నాకు చిరాకూ వచ్చింది, నవ్వూ వచ్చింది. "నువ్వే వచ్చి చూడమ్మా. కాలేజీల మధ్య పోటీలకి కబురు చేస్తాను" అన్నాను.

ప్రిన్సిపాల్ దగ్గర నాలుగు మాటలు పడి హాస్టల్ సీటు తిరిగి తెచ్చాను. నేను అంటించిన జాబితాని నేనే చించేశాను. ఎకనామిక్స్ మేడం చూసి, "పంచాంగం తప్పిందా?" అంది. పంచాంగం సరే, సిద్ధాంతికే కళ్లు లేవన్నాను. ఆమె చించిన ముక్కలు ఏరి చెత్తబుట్టలో వేసింది. స్నేహితురాలంటే అది.

పోటీలు ఆ ఏడు విజయనగరంలో జరిగాయి. మేము సెమీఫైనల్లో ఓడిపోయాం. ముందే చెప్పేస్తున్నాను, లేకపోతే మీరంతా స్కోరు కోసమే చదువుతారు. భోగాపురం పిల్ల డిగ్రీ పాసయింది, బీపీఈడీ చేసింది, ఇప్పుడు ఒక స్కూల్లో వ్యాయామం టీచరు. అదీ ముందే చెప్పేశాను. నాకు మిగిలిన సంగతి వేరే.

సెమీఫైనల్ రోజు తల్లి వచ్చింది. ఉతికిన చీర కట్టుకుని, పక్కింటామెని తోడు తెచ్చుకుని, పొద్దున్నే మొదటి బస్సుకి బయల్దేరి వచ్చింది. ఉదయం క్వార్టర్ ఫైనల్ గీతకి ఆవల జనంలో నిలబడి చూసింది. మేం గెలిచాం. జనం అందరూ నెల్లిమర్ల పిల్ల పేరు పెట్టి కేకలు వేశారు. ఆట అయ్యాక తల్లి నా దగ్గరికి వచ్చి, చిన్నగా అడిగింది.

"మా గుంట ఆడినాదేటి మేడంగోరూ? నిలబడే ఉన్నాది కదా."

అంత దూరం వచ్చి, కూతురు ఊరికే నిలబడిందని అనుకుని వెళ్లిపోతుంది ఈమె. మధ్యాహ్నం సెమీఫైనల్‌కి ఆమెని నా పక్కనే, గీత దగ్గర బెంచీ మీద కూర్చోబెట్టుకున్నాను. బయటివాళ్లు అక్కడ కూర్చోకూడదు. నిర్వాహకుడు ఏదో అనబోతే, మా జట్టు మనిషే అని గదిమాను.

"అమ్మా, పొడుగు పిల్లని చూడకు. రైడర్నీ చూడకు. నీ పిల్ల ఎడమచెయ్యి చూడు. ఇంకేమీ చూడకు."

ఆమె మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని ముందుకి వంగి చూసింది. మొదటి రైడ్‌లో ఏమీ కాలేదు. "నొక్కలేదు మేడంగోరూ" అంది. రెండోదాంట్లో, "ఒకమారు నొక్కినాది. ఆగమన్నాది కదా?" అంది. అవునమ్మా అన్నాను. ఎదుటి జట్టు రైడర్ కాలు చాపి ఊరించి, మా కార్నర్ కదలకపోయేసరికి వెనక్కి వెళ్లిపోయింది. దూకి ఉంటే మా కార్నర్ అవుటయ్యేది. తల్లికి ఆ సంగతి నేను చెప్పనక్కర్లేకపోయింది. ఊపిరి వదిలింది.

ఆ తర్వాత వాళ్ల పెద్ద రైడర్ వచ్చింది. యూనివర్సిటీకి ఆడిన పిల్ల, ఆ రోజు అప్పటిదాకా ఎవరికీ చిక్కలేదు. లోపలికి వచ్చింది, కుడికి వెళ్లింది, ఎడమకి తిరిగింది. నేను అలవాటు కొద్దీ ఆమె కాలు చూస్తున్నాను.

"ఒకటి" అంది తల్లి. రైడర్ కాలు చాపింది. మా పిల్లలు కదలలేదు.

"మల్లా ఒకటి. ఆగమంతన్నాది."

రైడర్ మెల్లిగా బరువు మార్చుకుంది. నాకేమీ తేడా కనిపించలేదు.

"రెండు!" అని అరిచింది తల్లి, బెంచీ మీదనుంచి లేచిపోయి. ఆమె కేక అయ్యాకే నెల్లిమర్ల పిల్ల దూకింది. కాలు దొరికింది. మట్టి లేచింది. ఏడుగురూ మీద పడ్డారు. విజిల్ మోగింది. జనం మళ్లీ ఆ పొడుగు పిల్ల పేరే అరిచారు.

తల్లి అటూ ఇటూ తిరిగి, "పట్టమని సెప్పినది మా గుంట! నాను సూసినాను! నా కల్లారా సూసినాను!" అని కనిపించిన అందరికీ చెప్పింది. ఎవరూ వినిపించుకోలేదు. ఆమె పట్టించుకోలేదు కూడా. కళ్లు తుడుచుకుని మళ్లీ కూర్చుని, నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. కాసేపటికి నా వైపు తిరిగింది.

"మేడంగోరూ, మీరు రెండేల్లూ ఇక్కడే కదా కూకున్నారు?"

"అవునమ్మా."

"మరి మీకెలా కనపడలేదు?"

ఆమె ఎత్తిపొడవలేదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగింది. ఒళ్లో తెరిచి ఉన్న స్కోరు పుస్తకాన్ని రెండో చేత్తో మూసేశాను. ఆమె అప్పటికే కూతురి చేతివైపు తిరిగిపోయింది.